ఖాళీ వరుస

గోపయ్య పేరును కొండల్ ఇప్పటికి పద్దెనిమిది రాళ్ల మీద చెక్కాడు. బస్ షెల్టరు, నీళ్ల ట్యాంకు, శ్మశానం ప్రహరీ, కమ్యూనిటీ హాలు. ఊళ్లో ఏది కట్టినా ముందు రాయి లేస్తుంది, రాయి మీద గోపయ్య లేస్తాడు. ఈ విషయంలో కొండల్ ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. మిగతా అందరి పేర్లూ బియ్యపు గింజ లోతున చెక్కే మనిషి, గోపయ్య పేరు దగ్గరికి వచ్చేసరికి ఉలిని కాస్త తేల్చి పట్టేవాడు. రంగు వేశాక తేడా తెలియదు. రెండు వానాకాలాలు గడిస్తే రంగు రాలి, తక్కిన పేర్లన్నీ నిలిచి, గోపయ్య ఒక్కడే మాసిపోయేవాడు. ఆ దారిన పోయినప్పుడల్లా కొండల్ బండి నెమ్మది చేసి చూసుకునేవాడు. కాసేపు కడుపు చల్లగా ఉండేది.

అతని షెడ్డు శంషాబాద్‌లో బెంగళూరు రోడ్డు పక్కన, ఎయిర్‌పోర్టు మలుపు దాటగానే ఉంటుంది. చుట్టుపక్కల షాపులన్నింటిలో స్టిక్కరు అంటించి ఇసుక చిమ్మే మిషన్లు వచ్చాయి. కొండల్ మాత్రం ఇంకా సుద్దతో గీత గీసి, ఉలితో చెక్కుతాడు. చేతి చెక్కుడు కావాలనే వాళ్లు ఇంకా ఉన్నారు. ముఖ్యంగా సమాధి రాళ్లకు.

సెప్టెంబరు పదమూడు ఉదయం గోపయ్య కారు దిగేటప్పటికి కొండల్ అలాంటి సమాధి రాయి మీదే వంగి ఉన్నాడు. దాని మీద ఉర్దూ అక్షరాలు సుద్దతో రాసింది ఘియాసుద్దీన్. పహాడీ షరీఫ్ నుంచి పాత స్కూటరు మీద వస్తాడు. కొండల్‌కు ఉర్దూ చదవడం రాదు, ఘియాసుద్దీన్‌కు ఉలి పట్టడం రాదు. ఒకరు రాస్తే ఒకరు చెక్కుతూ ఇరవై రెండేళ్లు గడిపేశారు.

"ఈ కొక్కెం ఎందుకు భాయ్ నీకు? ఉలి మొన పోతున్నది" అని విసుక్కుంటున్నాడు కొండల్. మాట చివర 'యే' అక్షరం వస్తే దాని తోకను వెనక్కి బారుగా లాగి, కొసన చిన్న కొక్కెం వేయడం ఘియాసుద్దీన్‌కు అలవాటు.

"మా దాదా మా అబ్బాకు నేర్పిండు, అబ్బా నాకు నేర్పిండు. కొక్కెం లేకుంటే నాకు రాసినట్టే ఉండదన్నా" అన్నాడు ఘియాసుద్దీన్, ఎప్పుడూ అనే మాటే.

గోపయ్య వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మాజీ సర్పంచి. ఊరు మునిసిపాలిటీలో కలిసిపోయినా జనం ఇంకా సర్పంచ్ సాబ్ అనే పిలుస్తారు. కొండల్‌తో పాటు ఐదో తరగతి దాకా చదివాడు.

"పదిహేడుకు చావడి కాడ రాయి పెడుతున్నం కొండల్. నల్లరాయి, నాలుగడుగులది. నీ చేతిపనే కావాలె, మిషన్ది వద్దు" అంటూ కాగితం చాచాడు. "మీద తేదీ ఒక్కటే రాయి. ఒగలు విమోచనమంటరు, ఒగలు విలీనమంటరు, ఒగలు సమైక్యత అంటిరి. ఏది రాసినా ఇంకోడు వచ్చి రంగు పూస్తడు. మనకెందుకు లొల్లి?"

కాగితం మీద 'సెప్టెంబరు 17' అనీ, దాని కింద 'నిజాం రాజ్యం పోయి ప్రజల రాజ్యం వచ్చిననాడు మన ఊరిని నడిపిన పెద్దలు' అనీ ఉంది. ఆ కింద ఐదు పేర్లు. మొదటిది బుచ్చయ్య, గోపయ్య తాత. డెబ్బై ఏడేళ్ల కింద మిలిట్రీ వచ్చి నిజాం సర్కారును దించి, ఊరూరా కమిటీలు వేసినప్పుడు, ఈ ఊళ్లో కుర్చీ ఎక్కినవాడు. ఆ కుర్చీలోంచి ఆ ఇల్లు ఇప్పటిదాకా దిగలేదు. తాత, తండ్రి, గోపయ్య, మొన్నటి ఎన్నికల్లో గోపయ్య భార్య.

కొండల్ పేర్లు రెండుసార్లు చదివాడు.

"మా తాత పేరేది?"

"మీ తాతదా?"

"మల్కయ్య. దేవిడి దర్వాజ పలగ్గొట్టింది ఎవలు? జాగీర్దారు మనుషులు లోపల తాళమేసుకొని కూసుంటె, గడ్డపార పట్టి మూడు దెబ్బల్ల తలుపు పండబెట్టింది ఎవలు? మీ తాతనా?"

గోపయ్యకు కోపం రాలేదు. అతనికి ఎన్నడూ రాదు. కొండల్‌కు మండేది అక్కడే. ఒక్కసారైనా నోరు జారితే, ఒక్కసారైనా కులం పేరుతో తీసిపారేస్తే, పట్టుకొని తిట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. మనిషిలో వంక దొరకకపోతే కుళ్లుకోవడం కూడా కష్టమే, అంతా తన కుళ్లే అని తెలిసిపోతుంటుంది.

"ఇన్న కొండల్. మీ అమ్మ చెప్తది గద. కాయితం ఏమన్న ఉన్నదా? ఫొటోనన్న? ఉత్త మాట మీద పెడితే రేపు ఊరంత లైన్ కడతది, మా తాత, మా తాత అనుకుంట. ఆధారం పట్టుకరా, కమిటీల నేను మాట్లాడత."

కారు పోయాక కొండల్ దేవిడి తలుపు కథ మళ్లీ మొదలుపెట్టాడు. మూడు దెబ్బలు ఈసారి ఐదయ్యాయి. ఘియాసుద్దీన్ సుద్దముక్కను గోటితో గీకుతూ విన్నాడు, లేదా విన్నట్టు కూర్చున్నాడు. కథ అయిపోయాక, "పదిహేడున నేను రానన్నా" అన్నాడు.

"తెల్సు తియ్యి. ఏటా ఆనాడు రావు గద."

మధ్యాహ్నం నల్లరాయిని చెక్క దిమ్మెల మీదికి ఎత్తించి, తడిబట్టతో తుడిచి, కొండల్ వరుసలు గీశాడు. తేదీ రాశాడు. కింద శీర్షిక రాశాడు. తర్వాత ఒక వరుస మొత్తం వదిలేసి, ఆ కింది వరుసలో బుచ్చయ్య పేరు రాసి ఉలి అందుకున్నాడు. సుద్ద గీత చెరిపితే పోతుంది గానీ, ఉలి పడ్డాక అక్షరం ఇంచు కూడా జరగదు. అది తెలిసే చేశాడు.

"వరుస ఇడిసినవన్నా" అన్నాడు ఘియాసుద్దీన్.

"తెల్సు."

బుచ్చయ్య పేరును తేలిగ్గా, ఈగ వాలినంత లోతుతో చెక్కాడు.

*

ఇంట్లో తల్లి శివమ్మ వాకిట్లో బట్టలుతికే బండ మీద కూర్చొని పుంటికూర తెంపుతోంది. ఎనభై దాటినా చేతులు ఊరుకోవు. ఇంటి మీదుగా విమానం దిగుతుంటే మాట ఆపి, పోయాక అందుకోవడం ఆ బస్తీలో అందరికీ అలవాటే. కొండల్ మాత్రం ఆ రోజు విమానం మీదుగానే అరిచాడు.

"మూడో తరగతిల నా పలక జూసి రాసిండమ్మా వాడు! నా పలక జూసి! ఇయ్యాల నన్ను కాయితం అడుగుతున్నడు."

"మెల్లగ, మెల్లగ" అంది భార్య ప్రేమలత లోపలి నుంచి. "పదిహేడొస్తె చాలు, ఈయనకు జరమొచ్చినట్టే."

"ఎందుకు రాదు? మా తాత తలుపు పలగ్గొడితె వాళ్ల తాత లోపలికి పోయి కూసున్నడు. కమిటీ వాళ్లదె, రేషన్ దుకాణం వాళ్లదె, గుడి కాడ మొదటి కొబ్బరికాయ వాళ్లదె. బాలాపూర్ లడ్డు పాట జూడబోతె ఆడ గూడ ముందట కుర్చీ వానికే ఏసిన్రు. మనకేమున్నది? మా తాత దేనికీ పనికిరానోడు, అంతె. ఒక్క కాయితం ఉంచుకునే తెలివి లేకపాయె."

శివమ్మ కూరాకు పక్కన పెట్టింది. మామను పట్టుకొని ఎవరైనా ఒక మాటంటే ఆమెకు పడదు.

"ఎవల్ని పనికిరానోడంటున్నవ్ రా? మా మామ పేరు నువ్ కొత్తగ రాయి మీదికి ఎక్కియ్యాల్నా? ఎప్పుడో ఎక్కింది. ఆ బుచ్చయ్య కంటె ముందు ఎక్కింది."

అని, వెంటనే నోరు మూసుకుంది. కొండల్ దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"ఏ రాయమ్మా?"

"ఏ రాయి లేదు."

"ఇప్పుడే అన్నవ్."

"కోపానికన్న. పో, చేతులు కడుక్కో."

ఇంకేం అడిగినా ఆమె కదల్లేదు. రెండో రోజు మొత్తం అడిగాడు. బతిమాలాడు, అలిగి అన్నం మానేశాడు, యాభై ఎనిమిదేళ్ల మనిషి చిన్నపిల్లాడిలా తలుపుకేసి తిరిగి పడుకున్నాడు. ఆమె పళ్లెం మూత పెట్టి, పోయి బండ మీద కూర్చుంది. ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది. అప్పుడు తట్టింది కొండల్‌కు. పాత ఇల్లు పడగొట్టి స్లాబు వేసినప్పుడు, ఈ బండ అడ్డమని మేస్త్రీ సమ్మెట ఎత్తితే శివమ్మ వచ్చి దాని మీద కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదు. బట్టలుతికే బండకు అంత పట్టుదల ఏమిటని అందరూ నవ్వారు. చివరికి మెట్లనే కాస్త పక్కకు జరిపి కట్టుకున్నారు.

తలుపు దగ్గరి నుంచి బండ అంచు కనిపిస్తోంది. మూడు వైపులా గరుకుగా ఉన్న అంచు, నాలుగో వైపు నున్నగా మలిచి ఉంది. రాయి పని చేసేవాడికి అంతకంటే చెప్పాల్సిన పనిలేదు. ఉతకడానికి తెచ్చుకున్న బండకు ఎవరూ అంచు మలచరు.

*

పదిహేనో తేదీ పొద్దున్నే ఘియాసుద్దీన్‌కు ఫోన్ చేసి, షెడ్డుకు కాదు, ఇంటికి రమ్మన్నాడు. ఇన్నేళ్లలో ఘియాసుద్దీన్ ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి. ఎన్నిసార్లు పిలిచినా, ఇంకోసారి వస్తానంటూ దాటవేసేవాడు.

"ఉర్దూల ఉంటే నువ్వే సదవాలె భాయ్. ఆ కాలంల సర్కారు రాతలన్ని ఉర్దూలనే గద" అన్నాడు కొండల్, గడ్డపార మొనను బండ కిందికి దూర్చి. శివమ్మ గడపలో కూర్చొని, వద్దని ఒక్కసారే అంది. తర్వాత చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గడ్డపార కింద రాతిముక్క పెట్టి కొండల్ నొక్కాడు. ఘియాసుద్దీన్ కట్టె పట్టుకున్నాడు. బండ జానెడు లేచింది, కట్టె జారింది, మళ్లీ లేచింది. చివరికి గోడకు ఆనేలా నిలబెట్టారు. కింద నల్లటి తడి మన్ను, దాన్నిండా చీమలు. బండ అడుగున మట్టి పొర పట్టి ఉంది. కొండల్ చెంబుతో నీళ్లు కొట్టి, కొబ్బరి పీచుతో రుద్దాడు. మట్టి వదిలేకొద్దీ అక్షరాలు తేలాయి. ఉర్దూయే. గుంతలు గుంతలుగా ఉలి పడిన పాతకాలపు చెక్కుడు. చెక్కినవాడికి అక్షరం తెలియదని, సుద్ద గీత మీదుగానే ఉలి నడిపాడని కొండల్‌కు చూడగానే అర్థమైంది. తానూ అంతే కదా.

"జల్ది సదువు భాయ్."

ఘియాసుద్దీన్ గొంతుక్కూర్చొని, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"ఫౌజీ హుకూమత్, అంటే మిలిట్రీ సర్కారు, దాని హుకుం మీద... ఈ ఊరి అమన్ కమిటీ. అమన్ అంటే శాంతి. ఇగ నుంచి ఊరి ఫైసలా ఊరోల్ల మాట మీదనే... అక్టోబర్, పందొమ్మిది వందల నలభై ఎనిమిది." వేలు కిందికి జరిగింది. "సదర్... సదర్ అంటే ప్రెసిడెంటన్నా."

"ఎవలు?"

"మల్కయ్య. వల్ద్ పోచయ్య. పోచయ్య కొడుకన్నట్టు."

కొండల్ బురదలోనే చతికిలబడ్డాడు. పోచయ్య అతని ముత్తాత.

"మల్లొక్కపారి సదువు."

ఘియాసుద్దీన్ మళ్లీ చదివాడు. మూడోసారి కూడా చదివించుకున్నాక, "బుచ్చయ్య ఉన్నడా? జర మంచిగ జూడు" అన్నాడు కొండల్.

"ఇంకా నలుగురున్నరు. బుచ్చయ్య లేడు."

కొండల్ పకపకా నవ్వాడు. నిజం చెప్పాలంటే, తాత పేరు ఉన్నందుకు వచ్చిన సంతోషం కన్నా బుచ్చయ్య పేరు లేనందుకు వచ్చిన సంతోషమే ఒక పాలు ఎక్కువ. ఫోన్ తీసి బండను ఫొటో కొట్టాడు. గోపయ్య నంబరు తెరిచాడు. కాగితం, కాగితం అన్నాడుగా, రాయే పంపిస్తే ఏమంటాడో చూడాలి. ముందు ఏ మాట రాయాలో తేల్చుకోలేక తలెత్తేసరికి, ఘియాసుద్దీన్ ఇంకా లేవలేదు.

అతని వేలు ఒక అక్షరం తోక వెంబడి వెనక్కి పోయి, కొసన ఆగింది. మళ్లీ మొదటికొచ్చి మళ్లీ పోయింది. కొండల్ దగ్గరికి వంగి చూశాడు. కొసన చిన్న కొక్కెం ఉంది. ఆ కొక్కేన్ని ఇరవై రెండేళ్లుగా చెక్కుతున్న చెయ్యి అతనిది. ఉర్దూ రాకపోయినా ఆ వంపు గుర్తుపట్టడానికి చదువు అక్కర్లేదు.

"గిది నీ రాత లెక్కనే ఉన్నదేంది భాయ్?"

"నాది కాదన్నా. మా దాదాది."

"మీ దాదా మా ఊరికి ఎందుకొచ్చిండు?"

"వచ్చుడేంది. ఈడ్నే ఉంటుండె. బడిల సదువు చెప్పేది. కమరుద్దీన్."

గడపలోంచి శివమ్మ లేచింది. గోడ పట్టుకొని రెండడుగులు వేసింది. "మౌల్సాబ్ మనుమనివా నువ్వు?" అంది. ఘియాసుద్దీన్ ఆమె వైపు తిరగకుండానే అవునన్నట్టు తలూపాడు.

ఆ తర్వాత ఆమె చెప్పిందంతా నేల చూస్తూనే చెప్పింది. తలుపు పగలగొట్టినవాణ్ణి చూసి, వీడే మొనగాడని మేజరు దొర మల్కయ్యను సదర్ చేశాడు. రాయి వెయ్యమంటే మౌల్సాబ్ సుద్దతో రాశాడు, మల్కయ్య చెక్కాడు. ఇద్దరూ చావడి అరుగు మీద ఒకే కంచంలోంచి బుక్కలు తింటూ రెండు రోజులు ఆ పని చేశారట. వారం తిరక్కుండా లారీ వచ్చింది.

"ఊర్ల రజాకార్లు ఎవలో పది మంది పేర్లు ఇయ్యమని మిలిట్రోల్లు అడిగిన్రంట కొడకా. అసలోల్లు ఎప్పుడో పారిపోయిన్రు. పది మంది ఏడికెల్లి వస్తరు? మిలిట్రోల్ల ఎంబడి వచ్చిన గుమాస్త పేర్లు రాసిండు, సదర్ ఏలు ఒత్తాలన్నడు. మా మామకు సదువు రాదాయె. కుర్చీల కూసున్న కొత్త. అడిగితే ఏమనుకుంటరో అని ఒత్తిండు. లారీ పోయినంక ఎవలో చెప్పిన్రు, మౌల్సాబ్ పేరు గూడ ఉండెనని. రజాకార్ల దిక్కే సూడనోడు మౌల్సాబ్. లారీ ఎంబడి ఉరికిండంట మామ. దొరక్కపాయె. మల్ల ఎవ్వలు రాలె, పది మందిల."

"మా అబ్బా గూడ ఉరికిండు" అన్నాడు ఘియాసుద్దీన్. "తొమ్మిదేండ్ల పోరడు. సడక్ దాక ఉరికిండంట."

విమానం ఒకటి దిగింది.

"ఆ రాత్రే మామ రాయి పీకి ఇంటికి తెచ్చి బోర్లేసిండు" అంది శివమ్మ. "కుర్చీ నాకొద్దన్నడు. సచ్చేదాక మల్ల చావడి ఎక్కలె. నన్ను జూసుకోమన్నడు, ఎవ్వల్ని తిప్పనియ్యకుమన్నడు."

అంతలోనూ కొండల్‌కు ఒక్క ఆశ మిగిలింది, అది ఎలాంటిదో తెలిసి కూడా అడిగాడు. "అమ్మా, ఆ పేర్లు చెప్పి రాయించింది బుచ్చయ్యనా?"

"ఆయనెక్కడున్నడు రా. బామ్మర్ది పెండ్లని పది దినాలు ఊర్లనే లేడు. వచ్చేసరికి అంత అయిపోయింది. కుర్చీ ఖాళీగున్నది, కూసున్నడు."

పెళ్లికి పోయాడు! ఏ పుణ్యం చేశాడో, భోజనాలకు పోయాడు. కొండల్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఘియాసుద్దీన్ ఎదురుగా కూర్చొని, ఎప్పుడో చచ్చిన మనిషి పెళ్లిభోజనం మీద అసూయ పడుతున్నానని తెలిసి సిగ్గేసింది. సిగ్గేసినా అసూయ పోలేదు.

"భాయ్, నీకు ముందుగాలనే తెల్సా? నేను ఎవలి మనుమన్నో?"

"మొదటి దినమే. నీ బోర్డు మీద ఊరి పేరు జూసిన, మాటల్ల మీ తాత పేరు నువ్వే చెప్పినవ్. మూడు దినాలు రాలె. నాలుగో దినం వచ్చిన. చెక్కుడు నీదే మంచిగుంటది, ఏం జేస్త?" ఘియాసుద్దీన్ గొంతు పెంచలేదు. "ఒక్కటి చెప్పాల్నన్నా. దర్వాజ కథ ఇగ నాకు చెప్పకు. ఇరవై రెండేండ్లు విన్న. మూడు దెబ్బలంటవ్, నాలుగంటవ్, మొన్న ఐదంటివి. నేను లెక్కబెట్టుకుంట కూసునేది."

ప్రేమలత తెచ్చిన చాయ్ మెట్టు మీదే చల్లారింది. ఘియాసుద్దీన్ కాగితం అడిగాడు. ప్రేమలత పాత క్యాలెండరు షీటు తెచ్చి ఇస్తే, దాని వెనకవైపు బండకు ఆనించి, పెన్సిలును అడ్డంగా పట్టి మెల్లగా రుద్దాడు. నలుపు మధ్యలో తెల్లగా అక్షరాలు దిగాయి, కొక్కెంతో సహా. వాళ్లింట్లో దాదా ఫొటో లేదు, ఎక్కడా సమాధి లేదు. కాగితాన్ని గొట్టంలా చుట్టి చొక్కాలో పెట్టుకున్నాడు.

"బోర్లేద్దామన్నా."

"ఎందుకు? పైకే ఉండనీ. ఇగ దాసేదేమున్నది?"

"ఎండకు, వానకు రాత అరిగిపోతది. కింద ఉన్నందుకే ఇన్నేండ్లు ఉన్నది."

ఇద్దరూ కలిసి గడ్డపార వేసి, మెల్లగా దించారు.

*

పదహారు మధ్యాహ్నం గోపయ్య షెడ్డుకు వచ్చేసరికి అంతా చెక్కడం అయిపోయి, రంగు ఒక్కటే మిగిలింది. ఘియాసుద్దీన్ ఆ మూలన సమాధి రాయికి సుద్ద పెడుతున్నాడు. రోజూలాగే వచ్చాడు, ఒక్క మాట తక్కువ మాట్లాడాడు.

గోపయ్య రాయి చుట్టూ తిరిగి, ఖాళీ వరుస దగ్గర ఆగాడు.

"మొన్న నువ్వడిగినంక నాకు యాదికొచ్చింది కొండల్. మా నానమ్మ అంటుండె, మొదటి కుర్చీ మల్కయ్యదే, ఆయన లేస్తె మా తాత కూసున్నడు అని. మర్సిపోయిన. తప్పు నాదే. కమిటీల మాట్లాడిన, కాయితం గీయితం వద్దన్న. రాయి మీ తాత పేరు. మీదనే రాయి." నవ్వాడు. "జాగ ముందే పెట్టుకున్నవ్, నేను జూడలేదనుకున్నవా?"

జీవితంలో ఈ మాట కోసం కొండల్ ఎదురుచూడని సెప్టెంబరు లేదు. గోపయ్య ఇవ్వకూడదని, తానే గుంజుకోవాలని అనుకున్నాడు. చివరికి అది కూడా గోపయ్యే ఇచ్చాడు, నవ్వుతూ.

చెయ్యి దానంతటదే సుద్ద అందుకుంది. పై వరుసలో 'మల్కయ్య' అని రాశాడు. గుండ్రంగా, పొందికగా వచ్చింది. ఇంకెవరి పేరూ అంత బాగా రాయలేదు. ఉలి మొనను 'మ' మీద ఆనించి సుత్తి ఎత్తాడు. మూలన సుద్ద చప్పుడు ఆగింది. ఘియాసుద్దీన్ తలెత్తలేదు, చెయ్యి మాత్రం రాయి మీద నిలిచిపోయి ఉంది. ఎన్ని దెబ్బలో లెక్కపెట్టడానికన్నట్టు.

కొండల్ సుత్తి దించాడు. బకెట్లో బట్ట తడిపి, వరుసంతా తుడిచేశాడు.

"అరే, ఏమైంది రా?" అన్నాడు గోపయ్య.

"మా తాత వద్దన్నడు."

"సచ్చిపోయినోడు ఎట్ల వద్దంటడు?"

"బతికున్నప్పుడే అన్నడు. నాకు నిన్న తెల్సింది."

గోపయ్య అతని మొహంలోకి కాసేపు చూసి, ఇంక అడగలేదు. అదీ అతని మంచితనమే. కారు పోయింది. కొండల్ రంగు డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశాడు. సన్న ఉలి ఏరుకొని, బుచ్చయ్య పేరు మొదటి అక్షరం నుంచి మళ్లీ అందుకున్నాడు. తేల్చి చెక్కిన గీతలన్నింటినీ బియ్యపు గింజ లోతుకు దించేసరికి సాయంత్రమైంది.

*

పదిహేడున ఘియాసుద్దీన్ రాలేదు. షెడ్డు మూసి, కొండల్ చావడి దగ్గరికి వెళ్లాడు.

జెండా ఎగిరింది. పిల్లలకు చాక్లెట్లు పంచారు. రాయి మీది గుడ్డ లాగగానే చప్పట్లు కొట్టారు. ఎవరో కుర్రవాడు ఫోన్లో ఫొటో తీస్తూ, "మధ్యల గీ ఖాళీ ఏంది తాతా? పేరు మర్సిన్రా?" అని అడిగాడు.

"కొలత తప్పిన" అన్నాడు కొండల్.

జనం నవ్వారు. ముప్పై ఏళ్లలో ఒక్క గీత అటూ ఇటూ కానివాడు ఇవాళ తప్పాడని ఒకరంటే, కళ్లద్దాలు మార్చుకోమని ఇంకొకరన్నారు. గోపయ్య మాత్రం నవ్వలేదు. దండ వేసి, తాత పేరు మీద వేళ్లు పెట్టాడు. ఒక్కొక్క అక్షరం లోపలికి వేలు దించి తడిమాడు.

"ఈసారి లోతుగ చెక్కినవ్ రా" అన్నాడు, కొండల్‌కు మాత్రమే వినపడేటట్టు. "పద్దెనిమిది రాళ్లు, రెండేండ్లు దాటి ఒక్కటి నిలువకపాయె."

కొండల్ తల దించుకున్నాడు. మళ్లీ ఎత్తేసరికి గోపయ్య కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి, వేళ్లు ఇంకా ఆ పేరు మీదే ఉన్నాయి. ఆ పేరు వెనక దాచాల్సిందేమీ లేదు, ఉన్నదల్లా ఒక పెళ్లిభోజనం. గోపయ్య కారును, కుర్చీని, కొబ్బరికాయను చూసి ఇన్నేళ్లు కుళ్లుకున్నాడు కొండల్. తన తాత పేరు మీద అలా వేళ్లు ఆనించి నిలబడగలిగిన ఆ మనిషిని చూసి ఇప్పుడు పడుతున్న అసూయ ముందు అదంతా ఏమీ కాదు.